రస్సెల్ కళ్లారా చూసినవే గీశారన్న మాట సరికాదు

అమెరికా పశ్చిమ ప్రాంతపు కౌబాయ్‌లనూ పశువుల మందలనూ చిత్రించిన చార్లెస్ మేరియన్ రస్సెల్ గురించి ఒక చిన్న పరిచయం చాలాకాలంగా చేతులు మారుతోంది. ఆయన శిక్షణ ఎరుగని పేద కౌబాయ్ అనీ, పగలంతా గుర్రమెక్కి పశువులను తోలి, రాత్రి మంట పక్కన కూర్చుని తాను కళ్లారా చూసినదాన్నే గీశారనీ, అందువల్ల ఆ బొమ్మలు ఫొటోలంత నమ్మదగిన చరిత్ర అనీ, తెల్లవారు పశ్చిమ భూములను గెలుచుకున్న ఘనతకు అవి కీర్తనలనీ దాని సారాంశం. మెచ్చుకోలుగా రాసినదే అయినా, ఒక చిత్రకారుడి నలభై ఏళ్ల సాధననూ, ఆయన మనసులోని బాధనూ ఇది తుడిచిపెడుతోంది కనుక ఒక్కొక్క మాటనూ పరిశీలించక తప్పదు.

పేదరికం సంగతి త్వరగా తేలిపోతుంది. రస్సెల్ 1864 మార్చి 19న మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో కలిగిన ఇంట పుట్టారు. నాయనమ్మ పుట్టింటివారైన బెంట్ సోదరులు పశ్చిమ మైదానాల వర్తకంలో పేరుమోసినవారు. బడిలో మనసు నిలవని కొడుకును న్యూజెర్సీలోని సైనిక పాఠశాలకు పంపినా ఫలితం లేకపోవడంతో, 1880లో, పదహారేళ్ల వయసులో, పశ్చిమాన పశువుల మేపుళ్లకు నెలవైన మోంటానా వెళ్లడానికి తల్లిదండ్రులే ఒప్పుకున్నారు. పొట్ట చేతపట్టుకుని వెళ్లిన కుర్రవాడు కాడాయన.

పగలంతా పశువులను తోలారన్నది తలకిందులుగా చెప్పిన మాట. మొదట చేరిన గొర్రెల మేపుడు కొలువు ఎన్నాళ్లో నిలవలేదు. తర్వాత జేక్ హూవర్ అనే వేటగాడి వెంట కొండల్లో తిరిగి, 1882లో జూడిత్ బేసిన్ రౌండప్‌లో కుదురుకున్నారు. ఆరుబయట కలగలిసి మేసే పలువురి పశువులను పోగుచేసి, దూడలకు ముద్రలు వేసి, ఎవరివి వారికి విడదీసే ఆ పనిలో ఆయనకు దక్కింది రాత్రి కాపలా. చీకట్లో గుర్రాలనూ పశువులనూ చెదరకుండా చూసుకోవడమే దాదాపు పదకొండేళ్లపాటు ఆయన ఉద్యోగం. తాను మంచి రౌతునూ కాననీ, తాడు విసరడంలో నేర్పరినీ కాననీ ఆయనే చెప్పుకున్నారు. ఈ కొలువు వల్లనే పగటివేళ ఇతరుల పనిని తీరిగ్గా గమనించి గీసుకునే వెసులుబాటు దొరికింది.

కళ్లారా చూసినదే గీశారన్న మాటలో కొంత నిజముంది, దాన్ని కాదనకూడదు. 1886–87 చలికాలంలో మోంటానాలో పశువులు మందలకు మందలుగా మంచులో చచ్చిపోయినప్పుడు, మంద ఎలా ఉందని హెలెనా పట్టణం నుంచి యజమాని రాసిన ఉత్తరానికి జవాబుగా రస్సెల్ కార్డంత ముక్క మీద నీటిరంగులతో ఒక బొమ్మ వేసి పంపారు. డొక్కలు బయటపడి, తల వాల్చి, మంచులో ఒంటరిగా నిలబడ్డ గిత్త, అది ఎప్పుడు పడుతుందా అని కాచుకున్న తోడేళ్లు, అంతే. ఆ శీతకాలపు నష్టాన్ని ఇంత తక్కువలో చెప్పిన బొమ్మ మరొకటి నాకు తెలియదు. అది ముమ్మాటికీ ప్రత్యక్షసాక్షి పనే.

అయితే ఆయన పేరు నిలబెట్టిన చిత్రాలలో ఎన్నో అటువంటివి కావు. 1903లో చిత్రించిన కస్టర్ పోరాటం, అంటే అమెరికా సైన్యాధికారి కస్టర్ సేనకూ ఇండియన్లు అని పిలిచే అమెరికా ఆదివాసులకూ నడుమ సాగిన యుద్ధం, 1876లో జరిగింది. అప్పటికి రస్సెల్‌కు పన్నెండేళ్లు, ఉన్నది సెయింట్ లూయిస్‌లో. విల్లమ్ములతో బైసన్‌లను, అంటే అమెరికా అడవిదున్నలను, వేటాడే దృశ్యాన్ని ఆయన పదేపదే చిత్రించారు. కానీ 1880ల నడుమకల్లా మోంటానాలో ఆ మందలు దాదాపు అంతరించాయి. కౌబాయ్‌లు గుర్రాలతో సహా హోటల్లోకి దూసుకుపోయే ప్రసిద్ధ చిత్రం 1881 నాటి సంఘటనకు 1909లో ఇచ్చిన రూపం. అందులో చెక్కబాట పలకలు విరిగి గుర్రం కాలు దిగబడటం, నేల మీద చెల్లాచెదురైన పేకముక్కలు, సీసాలు చూసినవారికి చిత్రకారుడు అక్కడే నిలబడి గీశాడేమో అనిపిస్తుంది. ఆ భ్రమను పుట్టించగలగడమే ఆయన ప్రతిభ. దాన్ని ఫొటోతో పోల్చడం ఆ ప్రతిభను లెక్కలోంచి తీసేయడమే.

శిక్షణ లేదన్నది సగం నిజం. కళాశాల పట్టా లేని మాట వాస్తవమే. అయినా సెయింట్ లూయిస్‌లో ఇండియన్లను చిత్రించిన కార్ల్ విమర్ అనే చిత్రకారుడి పనిని చిన్ననాడే చూసి పెరిగారు. జేబులో మైనపు ముద్ద ఉంచుకుని, మాట్లాడుతూనే చిన్న గుర్రాలనూ ఎలుగులనూ మలిచేవారు. వెలుగునీడలు ఎలా పడతాయో ఆ బొమ్మల మీదే పరీక్షించుకునేవారు. 1896లో పెళ్లాడిన నాన్సీ కూపర్ ధరలు నిర్ణయించడం, ప్రదర్శనలు కుదర్చడం తన చేతుల్లోకి తీసుకుని, 1904 ప్రాంతంలో ఆయనను న్యూయార్క్ తీసుకెళ్లినప్పుడు, అక్కడి పత్రికా చిత్రకారుల నడుమ కూర్చుని పని నేర్చుకున్నారు. అంతకుముందరి గోధుమరంగు మందకొడితనం, ఆ తర్వాతి నీలాలు, ఊదాలు పక్కపక్కన పెట్టి చూస్తే నేర్చుకున్నదేమిటో ఎవరికైనా బోధపడుతుంది.

అన్నిటికంటే అన్యాయమైనది విజయకీర్తన అన్న మాట. మోంటానా ప్రతినిధుల సభ కోసం 1912లో పూర్తిచేసిన కుడ్యచిత్రం దాదాపు 25 అడుగుల పొడవు ఉంటుంది; దాని కోసం తన దుంగల స్టూడియో కప్పునే పైకి లేపించారు. 1805లో పశ్చిమ భూములను అన్వేషిస్తూ వచ్చిన లూయిస్, క్లార్క్ అక్కడి సేలిష్ ఇండియన్ తెగవారిని కలుసుకున్న ఘట్టం అది. చట్టసభ గోడ కనుక అన్వేషకులే నట్టనడుమ నిలుస్తారని ఎవరైనా అనుకుంటారు. రస్సెల్ మాత్రం ముందుభాగమంతా గుర్రాల మీద దూసుకొచ్చే సేలిష్ రౌతులకిచ్చి, లూయిస్, క్లార్క్‌లను కుడివైపు వెనగ్గా నిలబెట్టారు. కస్టర్ చిత్రంలోనూ మనకు దగ్గరగా కనిపించేది ఇండియన్ యోధులే. కస్టర్ సేన దూరాన దుమ్ములో ఉంటుంది. నిలువ నీడ లేని చిప్పెవా, క్రీ తెగల ఇండియన్ కుటుంబాలకు భూమి ఇవ్వాలని మిత్రుడు ఫ్రాంక్ లిండర్‌మన్‌తో కలిసి ఆయన గట్టిగా నిలబడ్డారు. 1916లో వారి కోసం రాకీ బాయ్ రిజర్వేషన్ అనే ప్రత్యేక భూభాగం ఏర్పడింది. 1923లో గ్రేట్ ఫాల్స్‌లో ఊరి అభివృద్ధిని చాటుకునే పెద్దలు ఆయనను ‘పయనీర్’, అంటే కొత్త నేలకు దారితీసిన మార్గదర్శకుడని పొగిడి మాట్లాడమంటే, గడ్డినేలను తిరగేసి, ముళ్లతీగ బిగించి, నీళ్లు విషం చేసి, చెట్లు నరికి, ఆ నేల సొంతదారైన ఇండియన్‌ను చంపి, దానికే ప్రగతి అని పేరు పెట్టినవాడే తన దృష్టిలో మార్గదర్శకుడని వారి ముఖం మీదే చెప్పారు.