విస్కీలోకి నంజుకునేవి: కొన్ని శాస్త్రీయ పరిశీలనలు

హైదరాబాదులోని పెద్ద హోటళ్ళలో విస్కీకి తగిన తిండిని జతచేసి వడ్డించే విందులకు ఆదరణ పెరుగుతోంది. తులిప్ పువ్వులాంటి గాజు గ్లాసులో రెండు చెంచాల విస్కీ పోసి, విస్తరాకంత పళ్ళెం నడుమ బొటనవేలంత పదార్థాన్ని ఉంచి, ఆ రెండింటికీ పొత్తు ఎలా కుదిరిందో ఒక నిపుణుడు వివరిస్తూ ఉంటే, బిల్లు కట్టబోయేవారు కళ్ళు మూసుకుని తల ఊపుతూ ఉంటారు. ఇవన్నీ డబ్బున్నవాళ్ళ వేషాలని కొట్టిపారేసేవారు ఉన్నారు గానీ, నేను వారితో ఏకీభవించను. జాతకాలు కలవనిదే పెళ్ళిచూపులకైనా వెళ్ళని జాతి, పొంతన చూడకుండా పెగ్గు పోసుకోవడం నాకు మొదటినుంచీ వింతగానే ఉంది.

ఈ విద్య పుట్టినచోట దానికి గట్టి పునాదులే ఉన్నాయి. షెర్రీ అనే స్పెయిన్ వైన్‌ను అంతకుముందు నింపి ఉంచిన పీపాల్లో మాగిన విస్కీకి ఎండుద్రాక్ష, అంజీర వాసనలు పడతాయి కాబట్టి దానికి నల్ల చాక్లెట్ జోడు. స్కాట్లండులోని ఐలా దీవిలో బార్లీ మొలకలను పీట్ మట్టి పొగలో ఆరబెడతారు. అక్కడివారు ఆల్చిప్పలోని పచ్చి ఆయిస్టర్ మీద ఆ పొగవాసన విస్కీని నాలుగు చుక్కలు వేసి, చిప్ప ఎత్తి గుటుక్కున మింగుతారు. విస్కీలో కాసిని నీళ్ళు కలిపితే, పొగవాసననిచ్చే గ్వయకాల్ అనే పదార్థం పైపొరకు చేరి ముక్కుకు బాగా తగులుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు ఇద్దరు 2017లో కంప్యూటర్ లెక్కలతో చూపించారు. ఆ సమయానికి మన పర్మిట్ రూముల్లో కొన్ని లక్షల వాటర్ ప్యాకెట్లను పంటితో కొరికి ఇదే ప్రయోగాన్ని ముగించి ఉన్నారు; ఫలితాలను ప్రచురించాలన్న స్పృహ ఒక్కటే లేకపోయింది.

అయితే అక్కడి శాస్త్రాన్ని ఇక్కడికి దించుకునే ముందు ఒక చిన్న తేడాను గుర్తించవలసి ఉంటుంది. బ్రిటన్ చట్టం ప్రకారం ధాన్యం నుంచి తీసి, స్కాట్లండులోనే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు మాగితే తప్ప దానిని స్కాచ్ అనడానికి వీల్లేదు. మనవద్ద చవక క్వార్టరు సీసాల్లోని విస్కీ చాలావరకు చక్కెర మిల్లుల్లో మిగిలిన మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్టుకు రంగూ, వాసనా అద్దినది. మొలాసిస్‌తో చేసినదానిని విస్కీ పేరుతో అమ్మడానికి ఐరోపా సమాఖ్య ఒప్పుకోదు. మన మందుబాబులు ఐరోపా సమాఖ్యను సంప్రదించకుండానే నిర్ణయం తీసుకున్నారు. ఈ కారణంచేత తిండి బాధ్యత ఇక్కడ పూర్తిగా తలకిందులైంది. అక్కడ తిండి విస్కీ రుచిని బయటికి లాగాలి. ఇక్కడ ఆ రుచి ఎక్కడ బయటపడుతుందోనని కాపలా కాయాలి. గుటక దిగీ దిగకముందే ముఖం చిట్లించి, చూపుడువేలితో మాగాయను నాలుకకు రాసుకునే మనిషి అజ్ఞాని కాడు. అంతటి విపత్కర పరిస్థితిలో అంతకుమించి చేయదగినది లేదని తెలిసినవాడు.

పర్మిట్ రూము గుమ్మం పక్కన స్టఫ్ బండి పెట్టుకునే మనిషిని కాసేపు నిలబడి గమనించండి. ఆయన వేయించిన పల్లీలను అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊదేసి, స్టీలు గిన్నెలో వేసి, అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయా, పచ్చిమిర్చీ, కొత్తిమీరా కలిపి, చిటికెడు కారమూ ఉప్పూ చల్లి, నిమ్మచెక్కను గింజలు పడకుండా వేళ్ళ సందున పిండి, గిన్నెను రెండుసార్లు ఎగరేసి పేపర్ ప్లేటులో బోర్లిస్తాడు. తరువాత ఉడికిన గుడ్డును దారంతో నాలుగు చీలికలుగా కోసి, సందుల్లో మిరియాలపొడి దట్టిస్తాడు. ఉప్పు చేదును అణచివేస్తుంది; పులుపు నోట్లో నీరూరిస్తుంది; పల్లీల్లోనూ గుడ్డులోనూ ఉన్న కొవ్వు కడుపు త్వరగా ఖాళీ కాకుండా ఆపి, మందు నెత్తికెక్కడాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది. ఉప్పు వల్ల దాహం పెరుగుతుందనీ, దాహం వల్ల పక్కనున్న కౌంటర్లో ఇంకో క్వార్టరు కదులుతుందనీ కూడా ఆయనకు తెలుసు. ఇన్ని సూత్రాలను ఒక్క పేపర్ ప్లేటులో ఇమిడ్చిన మనిషికి నేటివరకు ఒక్క విశ్వవిద్యాలయమూ గౌరవ డాక్టరేటు ఇవ్వలేదు.

ఇక మిర్చి బజ్జీ విషయంలో పాశ్చాత్య నిపుణులకూ మనకూ తీవ్రమైన అభిప్రాయభేదం ఉంది. విస్కీతో ఘాటైన కారం తినరాదని వారు హెచ్చరిస్తారు. కారణం సబబైనదే: మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీద ఏ గ్రాహకాన్ని తట్టి మంట పుట్టిస్తుందో, ఆల్కహాల్ కూడా దాన్నే తడుతుంది. మామూలుగా 42 డిగ్రీల వేడికి మేల్కొనవలసిన ఆ గ్రాహకం, ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీలకే, అంటే నోటి వేడికే, ఉలిక్కిపడి లేస్తుంది. కనుక బజ్జీ కొరికి పెగ్గు తాగడమంటే ఒకే గంటను ఇద్దరు కొట్టడం. గుంటూరు సీమలో పుట్టినవాడికి ఈ సంగతి చెప్పి చూడండి. ముల్లును ముల్లుతోనే తీయాలని చెప్పి, ఇంకో బజ్జీ తెమ్మంటాడు.

స్కాట్లండువారితో మనకు నిజమైన చుట్టరికం కలిసేది మరొకచోట. వారి జాతీయకవి రాబర్ట్ బర్న్స్ 1759 జనవరి 25న పుట్టాడు. ఏటా ఆ రోజున వారు హ్యాగిస్ అనే వంటకాన్ని బ్యాగుపైపుల వాద్యంతో ఊరేగించి తెచ్చి, దానిమీద ఆయన రాసిన కవితను చదివి, విస్కీతో ఆరగిస్తారు. హ్యాగిస్ అంటే మరేమీ కాదు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులను ఓట్స్, ఉల్లిపాయా, కొవ్వుతో కలిపి, గొర్రె పొట్టలోనే కూరి ఉడికించినది. తెలంగాణలో ఇదే తరగతికి చెందిన బోటి ఫ్రైకి వాద్యమూ లేదు, కవితా లేదు; “బోటి ఒడిసిందన్నా, లివరుంది” అన్న ప్రకటన ఒక్కటే దక్కుతోంది. పైగా బర్న్స్ కొంతకాలం ఎక్సైజ్ అధికారిగా ఉద్యోగం చేసినవాడు. మన రెండు రాష్ట్రాల ఎక్సైజ్ శాఖలూ దుకాణాల లాటరీ, దరఖాస్తు రుసుములు, నెలవారీ ఆదాయం మీద చూపే శ్రద్ధలో పదోవంతు చూపినా, బోటి మీద ఒక సీసపద్యమైనా వెలువడి ఉండేది.

2025 జూలైలో బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్ మీది 150 శాతం సుంకం మొదట సగానికి, పదేళ్ళలో 40 శాతానికి దిగాలి. అప్పుడు దాచవలసినంత రుచి విస్కీలో మిగలకపోతే మాగాయ ఉద్యోగం ఏమవుతుందన్నది వేరే చర్చ.

పొంతనకు అసలు ముప్పు సుంకం నుంచి రాదు. ప్రతి సిట్టింగులోనూ ఒక తాగనివాడు ఉంటాడు. “నేను ఊరికే కంపెనీ కోసం వచ్చాను” అంటూ థమ్సప్ గ్లాసు ముందు పెట్టుకుని, చికెన్ 65 ప్లేటుకు దగ్గరి కుర్చీలో కూర్చుంటాడు. మిగిలినవాళ్ళు మొదటి పెగ్గులో ఐస్ కరిగిందా లేదా చూసుకునేలోగా ముక్కలు అయిపోయి కరివేపాకు మిగులుతుంది. రెండో ప్లేటు అపోలో ఫిష్ వచ్చేసరికి మాటల్లో పడ్డవాళ్ళ చేతుల్లో టూత్‌పిక్కులే ఉంటాయి. బిల్లు వచ్చినప్పుడు మాత్రం “నేను తాగలేదు కదా” అన్న న్యాయమైన అభ్యంతరం లేవదీస్తాడు. ఇతన్ని బహిష్కరించాలని చాలామంది కోరుతున్నారు. బళ్ళు నడిపేది ఎవరన్న ప్రశ్న దగ్గర ఆ తీర్మానం ప్రతిసారీ వీగిపోతోంది. ఏ విస్కీకి ఏ స్టఫ్ నప్పుతుందో తేల్చడానికి ప్రభుత్వం ఎప్పుడైనా కమిటీ వేస్తే, దానికి ఇతన్నే అధ్యక్షుడిగా నియమించాలన్నది నా సిఫారసు. చేపలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో మరునాటి ఉదయం ప్రమాణం చేసి చెప్పగలిగినవాడు ఆ బల్ల చుట్టూ మరొకడు లేడు.