గ్రూపులో ఆమెన్, మంచం మీద పెద్దమ్మ

మా పెద్దమ్మకు డెబ్బై దాటాయి. గుంటూరు కొత్తపేటలో ఒక్కతే ఉంటుంది. పోయిన వేసవిలో బాత్రూములో జారిపడి నడుం కింద ఎముక చిట్లింది. ఆపరేషన్ అక్కర్లేదు గానీ ఐదు వారాలు మంచం దిగొద్దన్నారు డాక్టరు గారు. ఆ ఐదు వారాలూ ఆమె ఫోన్ మాత్రం ఆగలేదు. తెల్లవారుజామున ఐదున్నరకల్లా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ రోజు వాగ్దానం కార్డు, అంటే ఒక బైబిల్ వచనం పడుతుంది. పెద్దమ్మ కళ్లజోడు వెతుక్కుని దాన్ని చదివి, "ఆమెన్" అని కొట్టి, పక్కన చేతులు జోడించిన బొమ్మ పెట్టేది. ఆదివారం లైవ్‌లో ఆరాధన మొదటి పాట నుంచి ఆశీర్వాదం దాకా చూసేది. గ్రూపులో నాలుగొందల మంది ఉన్నారు. రోజూ ఆమె పేరు కనిపిస్తోంది కాబట్టి బాగానే ఉందనుకున్నారు. ఆమె కూడా చెప్పుకోలేదు. "అంతమంది మగవాళ్లున్న చోట నా బాత్రూము సంగతి ఏం రాయమంటావురా?" అంది నాతో.

మూడో ఆదివారం సాయంత్రం ఒక్కావిడ వచ్చింది. పూలు కట్టి అమ్ముకుంటుంది. గుడిలో ఎడమవైపు రెండో కిటికీ దగ్గర, చాప మీద పెద్దమ్మ పక్కనే కూర్చుంటుంది. ఆమెది బటన్ ఫోన్, గ్రూపులో లేదు. "రెండు వారాలు మీ చోటు ఖాళీగా ఉంటే ఊరెళ్లారనుకున్నానమ్మా. ఇవాళ మనసొప్పలేదు" అందట. స్టీలు క్యారియర్‌లో అన్నం, పెసరకట్టు తెచ్చింది. ముందు పెద్దమ్మను ఒక పక్కకి ఒత్తిగిలించి, చిక్కులు పడ్డ జుట్టు నిదానంగా దువ్వి, జడ వేసింది. ప్రార్థన ఆ తర్వాతే చేసింది. ఆ జడ సంగతి పెద్దమ్మ నాకు ఇప్పటికి మూడుసార్లు చెప్పింది.

ఫోన్ వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ లైవ్ లేకపోతే మా పెద్దమ్మకు ఆ ఐదు వారాలూ ఆరాధనే ఉండేది కాదు. కానీ మన సంఘాల్లో నాలుగైదేళ్లుగా జరుగుతున్న చర్చ అంతా ఆన్‌లైన్ మంచిదా, గుడికి రావడం మంచిదా అన్న దగ్గరే తిరుగుతోంది. నా మటుకు నేను అడిగేది ఇంకో ప్రశ్న. గ్రూపులో పడిన మాట వెనక ఎవరు నడిచి వెళ్తున్నారు?

దూరం నుంచి మాట పంపడం సంఘానికి కొత్తేమీ కాదు. కొత్త నిబంధనలో సగానికి పైగా పుస్తకాలు ఉత్తరాలే. అయితే ఆ ఉత్తరాలు ఒంటరిగా ప్రయాణం చేయలేదు. రోమాలోని సంఘానికి పౌలు రాసిన ఉత్తరాన్ని, అంటే రోమా పత్రికను, కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే తీసుకెళ్లిందని చాలామంది పండితులు అంటారు. ఆమెను చేర్చుకోండి, ఆమెకు ఏం అవసరమైనా సాయం చేయండి అని పౌలు ఆ పత్రికలోనే అడుగుతాడు. కొలొస్సయులకు రాసినప్పుడు నా సంగతులన్నీ తుకికు వచ్చి చెబుతాడంటాడు. వాక్యం కాగితం మీద వెళ్లింది, మిగిలిన సంగతులు మనిషి నోట వెళ్లాయి. ఆ ఉత్తరాన్ని కూడా ఎవరింట్లో వాళ్లు చదువుకోలేదు, సంఘంలో అందరి ముందూ చదివారు. యోహాను రెండో పత్రిక చివర్లో అయితే, రాయాల్సినవి చాలా ఉన్నా సిరాతో కాగితంతో రాయడం ఇష్టం లేదు, వచ్చి ముఖాముఖిగా మాట్లాడతానంటాడు. ఉత్తరం రాస్తున్న మనిషే ఉత్తరం చాలదని ఒప్పుకున్న మాట అది.

గుంటూరు సంఘ చరిత్రా ఇలాగే నడిచింది. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి లూథరన్ మిషన్ పల్లెల్లోకి వెళ్లింది ఉపదేశుల కాళ్ల మీద, బైబిల్ ఉమెన్ కాళ్ల మీద. మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో ఇక్కడికి వచ్చినప్పుడు ముందు ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్లను కలిశారు, ఆమె పేరు మీద మనం చెప్పుకునే పెద్దాసుపత్రి తర్వాత కట్టిందే. మా చిన్నప్పుడు కూడా బైబిల్ ఉమన్ అంటే సంచీలో బైబిలు, కీర్తనల పుస్తకం పెట్టుకుని మధ్యాహ్నం పూట ఇల్లిల్లూ తిరిగే మనిషి. ఎవరింట్లో కోడలు కడుపుతో ఉంది, ఎవరి మగడు తాగొచ్చి కొడుతున్నాడు, ఎవరి పొయ్యి వెలగలేదు అన్నీ ఆమెకు తెలిసేవి. ఇప్పుడు చాలా సంఘాల్లో ఆ పని చేసేవాళ్లు లేరు. కెమెరాలు, మిక్సర్లు, ఎడిటింగ్ చూసే మీడియా టీమ్ ఉంది. ఆ పిల్లలు కష్టపడుతున్నారు, వాళ్లను తప్పు పట్టను. ఒక పని కొత్తగా వచ్చింది, ఇంకో పని చెప్పాపెట్టకుండా పోయింది. నా బాధ ఆ రెండోదాని గురించి.

కొవిడ్ రోజులు గుర్తు చేసుకోవాలి, ఎందుకంటే లైవ్ మన ఇళ్లలోకి వచ్చింది అప్పుడే. 2020లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 10న, ఈస్టర్ 12న వచ్చాయి. ఏటా ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్లేవాళ్లం, ఆ ఏడు గుమ్మం దాటలేదు. సిలువ మీద ఏడు మాటలూ ఫోన్లో విన్నాం. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరుచుకోవచ్చన్నా చాలాకాలం భయం పోలేదు. మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు పోయినప్పుడు ఆదరణ కూడిక జూమ్‌లో పెట్టారు. పాస్టరు గారు ఎంతో బాగా మాట్లాడారు. కూడిక అయిపోగానే ఒక్కొక్కరూ స్క్రీన్ మీద నుంచి మాయమైపోయారు. వాళ్లమ్మ ఖాళీ ఫోన్ వంకే చూస్తూ, "అందరూ వెళ్లిపోయారా?" అని అడిగిందట. మామూలుగా అయితే ఆదరణ కూడిక అయ్యాక ఎవరూ వెంటనే లేవరు. టీ తాగుతారు, పోయిన మనిషి గురించి ఒకటి రెండు మాటలు చెబుతారు, ఆడవాళ్లు ఆమె చేయి పట్టుకుని కూర్చుంటారు. ఆదరణలో సగం అక్కడే ఉంటుంది, దాన్ని పంపడం ఏ యాప్ వల్లా కాదు.

లైవ్ అవసరమైనవాళ్లు ఉన్నారు, ఎప్పటికీ ఉంటారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, నైట్ డ్యూటీ దిగి నిద్రకు ఆగలేని నర్సులు, డల్లాస్‌లోనో కువైట్‌లోనో ఉండి అమ్మానాన్నలు కూర్చునే గుడిని ఒక్కసారి చూడాలనుకునే పిల్లలు. వాళ్లకు అది తలుపు. రాగలిగి కూడా రాని మనిషికి అదే తలుపు చాటు అవుతోంది. ఈ తేడా కామెంట్లలో కనపడదు. ఇద్దరూ ఆమెన్ అనే పెడతారు.

ఇంకో మాట. ఫోన్లో మనకు నచ్చిన బోధకుణ్ని ఎంచుకుంటాం. పది నిమిషాలు నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి పోతాం. సంఘంలో పక్కన కూర్చునేవాళ్లను మనం ఎంచుకోలేం. మనతో గొడవపడ్డ ఆడపడుచు, అప్పు తీర్చని స్నేహితుడు, మన కులం కానివాడు, మనకన్నా డబ్బున్నవాడు, లేనివాడు అందరూ ప్రభు బల్ల దగ్గర పంచే ఒకే రొట్టె కోసం లేచి ముందుకు నడవాలి. క్రైస్తవ జీవితంలో కష్టమైన పాఠాలన్నీ ఆ నడకలో ఉన్నాయి. అరవై మంది ఉన్న పేట సంఘం పాస్టరు గారి ప్రసంగాన్ని లక్షల మంది చూసే ఛానెల్ ప్రసంగంతో పోల్చి చూస్తే ఆయన తేలిపోవచ్చు. కానీ రాత్రి పదకొండింటికి మనకు గుండెనొప్పి వస్తే స్కూటరేసుకుని క్యాజువాలిటీకి వచ్చేది ఆయనే. కానుకలు ఛానెల్ క్యూఆర్ కోడ్‌కి, కష్టాలు పేట పాస్టరు గారికి అన్నట్టుగా తయారైతే అది అన్యాయం. ఈ మాట గట్టిగానే అంటున్నాను.

కెమెరా గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ప్రార్థనలో ఏడుస్తున్న స్త్రీ ముఖాన్ని దగ్గరగా చూపించే హక్కు ఎవరికీ లేదు. ఫలానా చెల్లికి గర్భసంచి ఆపరేషన్, ఫలానా అబ్బాయి డీఅడిక్షన్ సెంటర్లో ఉన్నాడు అని ప్రార్థన మనవుల పేరుతో నాలుగొందల మంది గ్రూపులో పెట్టడం కూడా ప్రేమ అనిపించుకోదు. సండే స్కూల్ పిల్లల ఫొటోలు ఇష్టమొచ్చినట్టు పెట్టేస్తున్నాం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పిల్లల సమాచారం విషయంలో తల్లిదండ్రుల అనుమతి అడుగుతోంది. చట్టం రాకముందే మనకు తట్టాల్సింది.

అన్నిటికంటే సున్నితమైనది దళిత విశ్వాసుల సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. తర్వాత సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, క్రైస్తవులు బయటే ఉండిపోయారు. మతం మారినవాళ్లకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా వర్తించదని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో ఒక కేసులో చెప్పింది. ఆ ఉత్తర్వు న్యాయమైనదని నేను అనుకోను, ఆ పోరాటం వేరే ఉంది. ఈలోపు వెనక వరసలో మౌనంగా కూర్చుని వెళ్లే ఒక కుర్రాడి ముఖం లైవ్‌లో రికార్డయి ఎప్పటికీ ఉండిపోతే అతని చదువుకో ఉద్యోగానికో ఏం ముప్పు వస్తుందో మీడియా టీమ్ ఆలోచించిందా? కెమెరా ప్రసంగం చెప్పే పుల్పిట్ మీదే నిలిపి ఉంచండి. ప్రార్థన మనవుల సమయంలో, ప్రభు బల్ల సమయంలో ఆపేయండి. దీనికి కమిటీ మీటింగ్ కూడా అక్కర్లేదు.

ప్రభు బల్ల అంటే గుర్తొచ్చింది. కొవిడ్‌లో ఫోన్ ముందు రొట్టె ముక్క, ద్రాక్షరసం పెట్టుకుని కూర్చున్నవాళ్లు చాలామంది. ఆ అత్యవసరంలో చేసినదాన్ని నేను తప్పనను. అయితే సోషల్ మీడియా గురించి వాటికన్ 2023 మేలో విడుదల చేసిన పత్రంలో, స్క్రీన్ ద్వారా భోజనం పంచుకోలేమన్న అర్థంలో ఒక మాట ఉంది. లూథరన్లు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు, పెంతెకొస్తు వాళ్లు వేరే ఎన్ని విషయాల్లో ఒప్పుకోకపోయినా ఈ ఒక్కదాన్నీ ఒప్పుకోవచ్చు. మంచం మీద ఉన్నవాళ్లకు లైవ్ లింకు పంపి ఊరుకోకుండా, ఆ వారంలోనే ఎవరో ఒకరు బల్లను ఇంటికి తీసుకెళ్లాలి.

మనుషులు దీన్ని మాటల్లో చెప్పలేకపోయినా కాళ్లతో చెబుతూనే ఉన్నారు. గుణదల మేరీమాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరుగుతాయి, ఇంట్లో కూర్చుని చూసే వీలుంది. అయినా జనం కొండ మెట్లెక్కి, తలనీలాలిచ్చి, కొవ్వొత్తి వెలిగించి వెళ్తారు. జనవరి చివర్లో కాకాని దగ్గర బైబిల్ మిషన్ మహాసభలకు పిల్లల్ని చంకనేసుకుని, మూటలతో వస్తారు. పల్లెల్లో కోత పండుగనాడు గుమ్మడికాయను, నాటుకోడిని వేలం పాడతారు. ఒకాయన వంద అంటే ఇంకొకాయన రెండొందలంటాడు, చివరికి పాడుకున్న గుమ్మడికాయను పాస్టరమ్మ గారికే ఇచ్చి వెళ్తాడు. వంటకు బియ్యం పోసిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. ఫోన్‌పేలో కానుక వేయడం సౌకర్యమే, నేనూ వేస్తాను. కానీ ఆ పిడికెడు బియ్యం రోజుకు రెండుసార్లు సంఘాన్ని గుర్తు చేస్తుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డప్పుడు రెండు సంగతులూ ఒకేసారి బయటపడ్డాయి. సింగ్‌నగర్‌లో ఉండే నా మిత్రుడు చెప్పాడు. మొదటి రోజు గ్రూపు ప్రాణాలు కాపాడింది. ఎవరు ఏ డాబా మీద ఉన్నారో లొకేషన్లు పంపుకున్నారు, ఆ లొకేషన్లు పడవలవాళ్లకు చేర్చారు. రెండో రోజుకు కరెంటు లేదు, ఫోన్లు ఆగిపోయాయి. అప్పుడు పనికొచ్చింది, ఏ సందులో మూడో ఇంట్లో కింది వాటాలో లేవలేని ముసలాయన ఉన్నాడో తెలిసిన మనిషి. వాళ్ల సంఘంలో అది తెలిసిన మనిషి, ప్రతి శుక్రవారం ఇళ్లలో ప్రార్థనలు పెట్టే ఒక టైలరు. పీకల్లోతు నీళ్లలో ఆయన ముందు నడిస్తే కుర్రాళ్లు వెనక వెళ్లారట.

అందుకే పెద్ద గ్రూపును ప్రకటనలకే ఉంచి, పది ఇళ్లకు ఒకరిని పెట్టమంటాను. ఆ ఒకరి దగ్గర ఫోన్ ఉండాలి, కాళ్లు కూడా ఉండాలి. లైవ్ చూసేవాళ్లలో రాలేనివాళ్లు ఎవరో పేరుపేరునా పుస్తకంలో రాసుకోవాలి. సబ్‌స్క్రైబర్ల లెక్క కమిటీకి చెప్పినంత ఉత్సాహంగా ఈ నెల ఎన్ని గడపలు తొక్కామో కూడా చెప్పాలి. మీడియాకు పెట్టే ఖర్చులో కొంత, తిరిగేవాళ్ల పెట్రోలుకు పెడితే చాలా సంఘాల్లో ఈ పని రేపే మొదలవుతుంది.

పెద్దమ్మ సంగతి నేనే వెళ్లి వాళ్ల పాస్టరు గారికి చెప్పాను. ఆయన సాకులు చెప్పలేదు. కాసేపు తల వంచుకుని కూర్చున్నారు. తర్వాతి ఆదివారం ప్రకటనల దగ్గర, లైవ్ ఆపించి, "మీ పక్కన రోజూ కూర్చునేవాళ్లలో ఇవాళ ఎవరు లేరో చూడండి, పేరు చెప్పండి" అన్నారు. పదకొండు పేర్లు వచ్చాయి. సాయంత్రానికల్లా అందరి సంగతీ తెలిసింది. కొందరు ఊరెళ్లారు, ఇద్దరు ఇల్లు మారారు, ఒకామె కూతురి పురిటికి ఆసుపత్రిలో ఉంది. ఒకాయన మాత్రం క్రిస్మస్ అప్పుడు స్టేజి దగ్గర ఎవరో అన్న మాటకు నొచ్చుకుని, అప్పటినుంచి ఒక్క వారం కూడా మానకుండా ఇంట్లోనే లైవ్ చూస్తున్నాడు. ఇద్దరు పెద్దలు రెండుసార్లు వెళ్లొచ్చారు. మొదటిసారి గుమ్మంలోనే మాట్లాడి పంపించాడు. రెండోసారి కూర్చోమన్నాడు, టీ ఇచ్చాడు, ఇంకా రానన్నాడు. ఈ ఆదివారం సాయంత్రం, ఆ మాట అన్న మనిషిని కూడా తీసుకుని మళ్లీ వెళ్తున్నారు.