హిమాలయన్ గారికి, ఫారం 29 జతచేసి

బైరాగిపట్టెడ,
తిరుపతి.

మహారాజశ్రీ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు గారికి,

ఉభయకుశలోపరి. కుశలం అన్నది మర్యాదకే లెండి. తమరి బ్యాటరీ దిగిపోయింది, నా నడుం పట్టేసింది. గౌరవాలు ఇంతటితో చాలు, మనలో మనకేంటి? నువ్వు గేటు పక్కన, నేను మేడ మీద. పండక్కి మాత్రమే పలకరించుకునే చుట్టాల్లా తయారయ్యాం. మొన్న ఆయుధపూజకు బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, మళ్లీ అక్కడే స్టాండ్ వేశాను. నిమ్మకాయ నలిగినంత దూరమే ఈ ఏడాది నీ ప్రయాణం.

విషయానికొస్తా. నిన్ను అమ్మేస్తున్నా.

ఈ మాట చెప్పగానే మన రైడింగ్ గ్యాంగ్‌లో ప్రతివాడూ అడిగింది ఒకటే: "సిస్టర్ వద్దందా మామా?" మగవాళ్లకు ఇదొక సౌకర్యం. బండి అమ్మినా, పొట్ట పెరిగినా, పొద్దున్నే లేవడం మానేసినా, అన్నీ పెళ్లాం ఖాతాలో రాసేయొచ్చు. నిజం నీకు తెలుసు. లడఖ్‌లో ఖార్దుంగ్ లా కనుమ ఎక్కేటప్పుడు నాకు తల తిరుగుతుంటే వెనక నుంచి వీపు మీద గుద్దుతూ మేలుకొలిపింది ఎవరు? పైన 18,380 అడుగులు అని రాసిన బోర్డు ముందు నేను ఛాతీ విరుచుకుని ఫొటో దిగాను. కిందకు దిగాక, అసలు ఎత్తు 17,582 అడుగులేనట అని నెట్‌లో చూసి వినిపించింది కూడా ఆవిడే. ఇంటిల్లిపాదిలో "అమ్మొద్దండీ" అన్నది ఆమె ఒక్కతే. "పోనీ, నాకైనా నేర్పించండి" అని కూడా అంది. అది విన్నాకే నాకు తొందర ఎక్కువైందని మా అమ్మ అనుమానం.

నిజానికి నిన్ను గేటు దాటిస్తోంది చట్టం. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం వెనక ఒక్కరే కూర్చోవాలి. మేం ముగ్గురం. పోనీ పాపను ఒక్కదాన్నే తీసుకెళ్దామంటే, నాలుగేళ్లు నిండని పిల్లలకు హెల్మెట్ పెట్టాలి, బెల్టుతో మనకు కట్టుకోవాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. అన్నీ సబబే, కాదనను. కానీ 21 అంగుళాల ముందు చక్రం, 15 లీటర్ల ట్యాంకు, 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌తో లీలామహల్ సర్కిల్ నుంచి ప్లే స్కూల్‌కు 40లో పోతుంటే, పాత మోపెడ్ మీద కొత్తిమీర కట్టలు వేసుకున్న పెద్దాయన హారన్ కొట్టి, "కొంచెం పక్కకు జరుగు నాయనా" అన్నాడు. ఆ రోజు నువ్వేమీ అనలేదు. నీ పెద్దరికం.

అలాగని నువ్వు ఖాళీగా కూర్చున్నావని ఎవరూ అనలేరు. నీ సీటు మీద పళ్లెంలో ఊరమిరపకాయలు ఎండుతున్నాయి. హ్యాండిల్‌కు తడి యూనిఫాం. తలకోన దారిలో కొమ్మ గీరుకుని ట్యాంకు మీద ఒక గీత పడింది కదా, దానిమీద పాప ఏనుగు స్టిక్కర్ అంటించింది. పీకితే ఏనుగు తొండంతో పాటు పెయింట్ కూడా వస్తోంది. సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి ఆడుకున్నా దాన్ని ఎవరూ అదిలించరు. అది వేడెక్కి ఎన్నాళ్లయిందో ఇంట్లో అందరికీ తెలుసు.

ఇక నీ సంబంధాల సంగతి. ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టీ పెట్టగానే "లాస్ట్ ఎంత సామీ?" అని మెసేజ్‌లు. మొదటి రేటు ఎవడికీ అక్కర్లేదు. పలమనేరు నుంచి ఒకాయన పాడి ఆవుతో మారకానికి వచ్చాడు. మైలేజీ ఎంతని నేను ఎగతాళికి అడిగితే, పూటకు పది లీటర్లని సీరియస్‌గానే చెప్పాడు. "తన్నదు సామీ, శానా సాధువు" అని గ్యారంటీ కూడా ఇచ్చాడు. నీకు కిక్ లేదన్న సంగతి గుర్తొచ్చి కాసేపు మెత్తబడ్డాను కూడా. మేత ఎవరు వేస్తారని అమ్మ అడగడంతో ఆ సంబంధం తప్పిపోయింది.

చివరికి కుదిరినవాడు పుత్తూరు కుర్రాడు. పెళ్లి కాలేదు. లడఖ్ పోతాడట. విరిగిన ఎముకలు కట్టే ఊరు కాబట్టి ఇంట్లోవాళ్లకు పెద్ద టెన్షన్ ఉన్నట్టు లేదు. సైడు బాక్సులు కూడా ఇస్తారా అన్నా అని అడిగితే, లోపలి నుంచి మా ఆవిడ "ఇవ్వం" అంది. వాటిల్లో ఉల్లిపాయలున్నాయి.

నీ చోట్లోకి 110 సీసీ స్కూటర్ వచ్చింది. కాళ్ల దగ్గర గ్యాస్ సిలిండర్ పడుతుంది, కొక్కేనికి కూరగాయల సంచి వేలాడుతుంది, సీటు కింద పాప రెయిన్‌కోటు. దాన్ని నాలుగు తిడదామని ఈ ఉత్తరంలో జాగా ఉంచాను. తిట్టడానికి ఒక్క మాటా దొరకలేదు.

బండి పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టేశాను. బండి చేతులు మారిందని 14 రోజుల్లోపు నేను రవాణా శాఖకు తెలపాలి, తెలుపుతాను. ఆర్‌సీలో పేరు మారేదాకా మాత్రం ఈ-చలానాలన్నీ నా ఫోన్‌కే వస్తాయి. అందాకా నీ క్షేమ సమాచారాలు పోలీసుల ద్వారానే తెలియాలి. రేణిగుంట రోడ్డులో హెల్మెట్ లేదని వచ్చిందో, ఆ కుర్రాడికి ఫోన్ చేసి వాయిస్తా. మనాలిలో నో పార్కింగ్ అని హిమాచల్ పోలీసులు పంపితే మాత్రం నోరు మూసుకుని నేనే కట్టేస్తా. వెయ్యి దాటితే సగం వాడిది.

ఇట్లు,
ఆర్‌సీలో ఇంకా యజమాని