56 సెంట్ల కొక్కెం

ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో ఒక పాత హై టెన్షన్ టవర్ ఉండేది. వైరును మోసే ఇనుప కొక్కెం దానికి వేలాడుతూ ఉండేది. దశాబ్దాల పాటు గాలికి ఊగుతూ, రాపిడికి కొంచెం కొంచెంగా అరుగుతూ వచ్చిన ఆ కొక్కెం 2018 నవంబర్ 8న తెగిపోయింది. ఉదయం 6:15కి లైన్ ట్రిప్ అయింది. టవర్‌కు తగిలిన వైరు నుంచి రవ్వలు రాలి, కింద ఎండుగడ్డి అంటుకుంది. ఆ రోజు గడిచేసరికి ప్యారడైజ్ అనే ఊరు దాదాపుగా మిగల్లేదు. 85 మంది చనిపోయారు. 18 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. కొక్కెం కొన్నది 1919లో, అప్పటి ధర 56 సెంట్లు.

ఆ లైన్ పీజీ అండ్ ఈ (పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్) కంపెనీది. 1905లో పుట్టిన ఈ సంస్థ ఉత్తర, మధ్య కాలిఫోర్నియాలో సుమారు 1.6 కోట్ల మందికి కరెంటు, గ్యాస్ రెండూ ఇస్తుంది. ఫ్రీమాంట్, శాన్ హోసేల్లో ఉండే మనవాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు, నెలనెలా బిల్లు చూసి నిట్టూర్చేవాళ్లే. తెగిన కొక్కెం ఉన్న టవర్‌ను కనీసం 2001 నుంచి మనిషి ఎక్కి చూడలేదని తర్వాత విచారణలో తేలింది. కింద నిలబడి చూస్తే, హెలికాప్టర్‌లోంచి చూస్తే కొక్కెం ఉందో లేదో తెలుస్తుంది. లోపలి వంపు ఎంత అరిగిందో తెలియాలంటే ఎవరో ఒకరు పైకెక్కాల్సిందే.

దీన్ని నిర్లక్ష్యం అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కానీ అదే కంపెనీ గ్యాస్ వైపు ఎనిమిదేళ్ల ముందే ఇలాంటి దెబ్బ తిని ఉంది. 2010 సెప్టెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కో పక్కనున్న శాన్ బ్రూనోలో 30 అంగుళాల గ్యాస్ పైపు పేలింది. విమానాశ్రయం దగ్గర కావడంతో చాలామంది విమానం కూలిందనుకున్నారు. 8 మంది చనిపోయారు, 38 ఇళ్లు నేలమట్టమయ్యాయి. గ్యాస్‌ను ఆపడానికి 95 నిమిషాలు పట్టింది. 1956లో వేసిన ఆ పైపు అతుకుల్లేనిదని కంపెనీ రికార్డుల్లో రాసుంది. తవ్వి చూస్తే అతుకు ఉంది, దాని వెల్డింగ్ లోపభూయిష్టంగా ఉంది. మిగతా పైపుల సంగతేమిటని ప్రభుత్వం అడిగితే, కంపెనీ తన పాత కాగితాల పెట్టెలన్నీ కౌ ప్యాలెస్ అనే పెద్ద ఇండోర్ స్టేడియానికి తరలించి, సిబ్బందిని కూర్చోబెట్టి వెతికించింది. తన పైపులో ఏముందో తనకే తెలియని కంపెనీ దశాబ్దాలుగా అందులో గ్యాస్ పంపిస్తోందన్నమాట.

కరెంటులో, గ్యాస్‌లో ఒకే రకం జబ్బు బయటపడిందంటే దాని మూలం మనుషుల బద్ధకంలో కన్నా లెక్కల పుస్తకంలో వెతకడం మంచిది. ఇలాంటి గుత్తాధిపత్య కంపెనీల చార్జీలను రాష్ట్ర నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. కొత్త లైన్, కొత్త సబ్‌స్టేషన్, కొత్త పైపు పెట్టుబడి కిందకొస్తాయి. వాటిలో వాటాదారులు పెట్టిన సొమ్ముపై సుమారు 10 శాతం రాబడిని అనుమతిస్తారు. టవర్ ఎక్కడం, బోల్టు బిగించడం, చెట్టు కొమ్మలు కొట్టడం మామూలు ఖర్చు కిందకొస్తాయి. ఖర్చు జనం నుంచి వసూలవుతుంది, దాని మీద లాభం మాత్రం రాదు. పైగా మెయింటెనెన్స్ ఖర్చును కొన్నేళ్లకు ముందే అంచనా వేసి చార్జీల్లో కలిపేస్తారు. అంచనా కన్నా తక్కువ ఖర్చు పెడితే మిగిలింది చాలా పద్దుల్లో కంపెనీకే. టవర్ ఎక్కని ప్రతి రోజూ దానికి ఎంతో కొంత ఆదాయమే. శాన్ బ్రూనో తర్వాత జరిగిన ఆడిట్‌లో గ్యాస్ పనుల కోసం వసూలు చేసిన సొమ్ములో 10 కోట్ల డాలర్లకు పైగా వేరే అవసరాలకు మళ్లిందని 2012లో బయటపడింది. నాకు ఇందులో ఆశ్చర్యం ఏమీ కనిపించలేదు.

మరి శిక్షలు? శాన్ బ్రూనో కేసులో 2016లో ఫెడరల్ జ్యూరీ కంపెనీని ఆరు నేరాల్లో దోషిగా తేల్చింది. చట్టం అనుమతించిన గరిష్ఠ జరిమానా 30 లక్షల డాలర్లు, దాంతోపాటు ఐదేళ్ల ప్రొబేషన్, అంటే కోర్టు నిఘా. ఆ ప్రొబేషన్‌లో ఉండగానే ప్యారడైజ్ తగలబడింది. 2020 జూన్‌లో, ప్యారడైజ్ ఉన్న బ్యూట్ కౌంటీ కోర్టులో జడ్జి మృతుల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే, తెర మీద వాళ్ల ఫొటోలు వస్తుంటే, అప్పటి సీఈఓ బిల్ జాన్సన్ నిలబడి 85 మరణాల్లో 84కు ఒక్కొక్కటిగా నేరం ఒప్పుకున్నారు. ఎవరూ జైలుకు పోలేదు, కంపెనీని జైల్లో పెట్టలేం కదా. అప్పటికే అది దివాలా పిటిషన్‌లో ఉంది, 2001 తర్వాత రెండోసారి. బాధితులకు కేటాయించిన 1,350 కోట్ల డాలర్లలో సగం కంపెనీ షేర్ల రూపంలోనే ఇచ్చారు. ఇల్లు కాల్చిన కంపెనీ లాభాల్లో నడిస్తేనే ఇల్లు పోయినవాళ్లకు పరిహారం!

2021లో కొత్త సీఈఓ ప్యాటీ పాపీ 10 వేల మైళ్ల తీగలను భూమిలోకి దించుతామని ప్రకటించారు. భద్రత కోణంలో తప్పుపట్టడానికి లేదు, మంటల ప్రమాదం దాదాపుగా పోతుంది. కానీ మైలుకు ఇంచుమించు 30 లక్షల డాలర్లు. ఉన్న తీగల చోటే ఇన్సులేషన్ తొడుగు ఉన్నవి వేస్తే అందులో మూడో వంతు కూడా కాదు, పైగా అదే డబ్బుతో ఎక్కువ మైళ్లు త్వరగా పూర్తవుతాయని టర్న్ అనే వినియోగదారుల సంస్థ వాదించింది. భూమిలోకి దించేది భారీ పెట్టుబడి, దాని మీద రాబడి కూడా భారీగానే ఉంటుంది. కంపెనీకి ఆ దారే ఎందుకు నచ్చిందో పై లెక్క తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2023 నవంబర్‌లో నియంత్రణ సంస్థ మధ్యేమార్గంగా 1,230 మైళ్లు భూమిలోకి, 778 మైళ్లు తొడుగు తీగలకు ఆమోదం ఇచ్చింది. అదే నిర్ణయంతో 2024లో సగటు ఇంటి బిల్లు నెలకు 34 డాలర్లకు పైగా పెరిగింది.

కంపెనీ వైపు న్యాయం బొత్తిగా లేదని అనను. కాలిఫోర్నియా చట్టం ప్రకారం తీగ వల్ల మంట పుడితే, తప్పు లేకపోయినా ఆస్తి నష్టం కంపెనీదే. ఎండిన అడవులు, పెరిగిన వేడి దాని చేతిలో లేవు. అందుకే 2019 అక్టోబర్‌లో బలంగా గాలి వీచినప్పుడల్లా లక్షల ఇళ్లకు ముందుగానే కరెంటు తీసేసింది. జనం తిట్టుకున్నారు, కానీ ఆ పరిస్థితిలో వేరే ఏ యాజమాన్యమైనా అదే చేసేది.

ప్రభుత్వం తీసుకుంటే బాగుపడుతుందా? కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటో ప్రజలు 1923లో ఓటేసి, కోర్టు గొడవలన్నీ దాటి 1946లో సొంత కరెంటు సంస్థ నడపడం మొదలుపెట్టారు. అక్కడి చార్జీలు పక్కనే ఉన్న పీజీ అండ్ ఈ కన్నా చాలా తక్కువ. అయితే ఆ సంస్థకు దూర అడవుల్లో పల్లెల్లోకి పోయే వేల మైళ్ల లైన్ల బరువు లేదని కూడా చెప్పాలి. 2019లో శాన్ ఫ్రాన్సిస్కో నగరం తన పరిధిలోని లైన్లకు 250 కోట్ల డాలర్లు ఇస్తానంటే కంపెనీ కుదరదంది. నగరం బయటపడితే కొండ పల్లెల ఖర్చు మోసేదెవరన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. నన్నడిగితే యాజమాన్యం మార్చేకన్నా ముందు మెయింటెనెన్స్ కింద వసూలు చేసి ఖర్చు పెట్టని ప్రతి డాలరునూ జనానికి వెనక్కి ఇప్పించాలి, ఏ టవర్ ఎప్పుడు ఎక్కారో అందరికీ కనిపించేలా పెట్టాలి.

కొక్కెం తెగిన ఆ లైన్‌లో పనులు చేయాలన్న ప్రణాళికలు మంటలకు ముందు ఏళ్ల తరబడి వాయిదా పడుతూ వచ్చాయి. మంటల తర్వాత కంపెనీ దాన్ని శాశ్వతంగా ఆపేసింది.