ఆసనాల కంటే ముందు మనసు

యోగా మీద మీరు వేసిన వ్యాసంలో అది నడుం నొప్పికి, బరువు తగ్గడానికి అని రాశారు. కాదనను. కానీ యోగసూత్రాలు రాసిన పతంజలి రెండో సూత్రంలోనే 'యోగశ్చిత్తవృత్తి నిరోధః' అన్నాడు. అంటే మనసులో లేచే అలల్ని అణచడం. దాదాపు 200 సూత్రాల్లో ఆసనాన్ని వివరించేవి మూడే.

మాది నల్లగొండ. టెన్షన్ ఎక్కువైనప్పుడు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో కూర్చుంటాను. బయట సూర్యుడు కదులుతున్నా లింగం మీది నీడ పగలంతా అక్కడే ఉంటుంది (చూడనివాళ్లు ఒక్కసారి వెళ్లండి). నా మనసు మాత్రం అలా నిలవదు, కళ్లు మూసుకోగానే పిల్లల ఫీజుల దగ్గరికి, పొలం దగ్గరికి పరుగెత్తుతుంది. కోప్పడకుండా దాన్ని మళ్లీ శ్వాస మీదికి తేవాలి. రోజూ, విసుగు లేకుండా. అభ్యాసమంటే ఇదే. దానికి తోడు వైరాగ్యం కూడా కావాలన్నాడు పతంజలి, నాకు అదే కష్టంగా ఉంది.

అహింస, సత్యం లాంటి నడవడి నియమాలైన యమాల గురించి కూడా దయచేసి రాయండి. పతంజలి చెప్పిన యోగా ఎనిమిది అంగాల్లో మొదటివి అవే కదా.