ఫైర్‌వైర్ దొరగారికి విన్నపం

మహారాజశ్రీ ఫైర్‌వైర్ దొరగారి సముఖానికి,

బెంగుళూరు మారతహళ్లిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకు బతికేవాడు రాసుకున్న అర్జీ.

కెమెరాల్నీ కంప్యూటర్లనీ కలిపే తీగగా తమరు 1995లో ఐఈఈఈ 1394 అనే పట్టాతో అవతరించారు. సెకనుకు 400 మెగాబిట్లు! వంశం గొప్పదే. 2025లో ఆపిల్ వాళ్ళ మ్యాక్‌ఓఎస్ టాహో తమరిని గడప తొక్కనివ్వలేదని విని నొచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే మొన్న పిలిచి మరీ పని ఇచ్చాను.

మేనత్తవాళ్ళింటి పెళ్ళిళ్ళవి 12 డీవీ (డిజిటల్ వీడియో) కెమెరా టేపులు. గంట టేపు 13 జీబీ. పాత మ్యాక్‌లోకి ఎక్కించి, అక్కణ్ణించి విండోస్ ఎక్స్‌పీ నడిచే పాత మెషీన్‌కి పంపాలి. దాని లాన్ కార్డు 100 మెగాబిట్లది, ఎంత పరిగెత్తించినా టేపుకి 18 నిమిషాలు. "బావా, ఫైర్‌వైర్ మీదే ఐపీ, అంటే నెట్‌వర్కు, నడుస్తుంది, 1999లోనే ఆర్‌ఎఫ్‌సీ 2734 అని పద్ధతి రాసిపెట్టారు" అన్నాడు బావమరిది. ఆ విద్య తర్వాతొచ్చిన విండోస్ విస్టా వదిలేసింది గానీ ఎక్స్‌పీకి వచ్చు. (ఆ మెషీన్ని అమ్మకపోవడానికి మా ఆవిడకి వేరే కారణం చెప్పాను.)

ఆరు పిన్నుల తీగ కోసం ఎస్పీ రోడ్డంతా తిరిగాను. ఏ కొట్టుకెళ్ళినా కుర్రాడు యూఎస్‌బీ తీగ చేతిలో పెట్టి "ఇదే సార్" అనడమే. చివరికి దొరికింది 4.5 మీటర్లది. అంతకు మించి తమరు ఒక్క విడతలో నడవరట. హాల్లో మ్యాక్, పడగ్గదిలో ఎక్స్‌పీ. బీరువా జరిపాను.

ఐపీ అడ్రసులిచ్చి, వేగం కొలిచే ఐపెర్ఫ్ పెడితే 200 మెగాబిట్లు దాటింది. చెప్పుకున్నదాంట్లో సగమే. అయినా పెళ్ళిచూపుల్లో చెప్పే జీతాలతో పోలిస్తే నయం. అవతలి మెషీన్ పలుకుతోందా అని అరగంట పింగ్ నడిపాను, ఒక్కటీ తప్పిపోలేదు. మురిసిపోయి మొదటి టేపు కాపీకి పెట్టాను.

అప్పుడు బావమరిది, రెండో టేపు ఎక్కిద్దామని, మ్యాక్‌కి కెమెరా తగిలించాడు.

బంతి మధ్యలో చుట్టమొస్తే మా ఊళ్ళో కాస్త జరిగి చోటిస్తారు. తమరింట అలా కుదరదు. బస్ రీసెట్! తీగ మీదున్న మెషీన్లు అందరూ విస్తళ్ళ ముందు నుంచి లేవాలి, ఇంటికి పెద్దెవరో మళ్ళీ తేల్చాలి, ఎవరి పీట నంబరు ఎంతో కొత్తగా రాసుకోవాలి, అప్పుడు కూర్చోవాలి. ఈలోగా నా ఫైలు ఏ పీట దగ్గరికి వెళ్ళాలో తెలియక వీధిలో నిలబడింది. పింగులు గల్లంతు. 9 జీబీ దగ్గర కాపీ చచ్చింది. పైగా కెమెరాగారిది వీఐపీ పంక్తి. సెకనుకు 8000 సార్లు వడ్డన తిరిగితే ప్రతిసారీ ముందు ఆ పంక్తికే, 80 శాతం దాకా కోటాతో సహా.

"తీసెయ్యరా బాబూ" అన్నాను. తీశాడు. మళ్ళీ రీసెట్. చుట్టం వెళ్తున్నా అందరూ లేవాల్సిందేనట!

లాన్ మీద పంపితే 12 టేపులూ నాలుగు గంటల్లో అయిపోయేవని మా ఆవిడ లెక్క. ఆ లెక్క నేను విననట్టే ఉన్నాను.

రేపు రాత్రి మళ్ళీ విస్తరి వేస్తున్నాను దొరా. కెమెరాని బీరువాలో పెట్టి తాళం వేశాను. బావమరిదిని సెకండ్ షోకి పంపుతున్నాను.

ఇట్లు
తమరి విధేయుడు,
బీరువా జరిపినవాడు