సున్నా ఎక్కడుందో చూడరా?

"ఈమధ్య నీలో మోటివేషన్ తగ్గింది" అని నన్ను ఓ ట్రైనింగ్‌కి పంపారు. రెండో స్లైడ్‌లోనే మాస్లో పిరమిడ్, అంటే మాస్లో అనే సైకాలజిస్టు పేరు మీద చెలామణీ అయ్యే మనిషి అవసరాల మెట్ల బొమ్మ. అడుగున తిండీ నిద్రా, కొసన స్వీయ సాక్షాత్కారం, మోక్షమార్గం చూపిస్తున్నట్టు. 1943లో ఆయన రాసిన వ్యాసంలో అసలు పిరమిడ్ బొమ్మే లేదు. మెట్లు వరసగానే ఎక్కాలని పట్టుబట్టనూ లేదు. బొమ్మ తర్వాతివాళ్లు తగిలించింది.

తర్వాత హెర్జ్‌బర్గ్ అనే ఇంకో సైకాలజిస్టు. ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ అడిగి 1959లో ఆయన తేల్చిందేమిటంటే, జీతం, పైఅధికారి తీరు బాగోకపోతే అసంతృప్తి పుడుతుంది, బాగున్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. ఉత్సాహం పనిలోంచే రావాలి. సగం ఒప్పుకుంటా. కానీ బాగా గడిచిన రోజు గురించి అడిగితే ఎవరైనా తన ఘనతే చెప్తారు, చిరాకేసిన రోజంటే మేనేజర్‌ని తిడతారు కదా! పైగా "జీతం మోటివేటర్ కాదు" అన్న ముక్క పట్టుకుని హైక్ ఎగ్గొట్టేవాళ్లున్నారు. తక్కువిస్తే మంట పుడుతుందని చెప్పిందీ ఆయనే మహాప్రభో.

నా ఓటు వ్రూమ్ అనే మరో సైకాలజిస్టుకి. 1964లో ఆయన మూడు సంగతులు చెప్పాడు: కష్టపడితే పనవుతుందన్న నమ్మకం, పనయితే ఫలితం దక్కుతుందన్న నమ్మకం, ఆ ఫలితం మీద మనకున్న మోజు. వీటిని కూడలేదు, గుణించాడు. అందులోనే ఉంది కీలకమంతా. ఒక్కటి సున్నా అయితే మిగతా రెండూ ఎంతున్నా మొత్తం సున్నాయే.

నా సంగతే చూడండి. ఏడాదంతా రాత్రిళ్లు కూర్చున్నా. పని చేయగలనన్న ధీమా ఉంది, ప్రమోషన్ మీద ఆశా ఉంది. తీరా అప్రైజల్‌లో తెలిసింది, రేటింగులు ఎప్పుడో ఖరారైపోయాయని. మర్నాటి నుంచి ఆరింటికల్లా లాప్‌టాప్ మూసేశా. రెండో అంకె సున్నా అయితే మొదటి అంకెకి ట్రైనింగ్ ఇస్తే ఏం లాభం?

ఆడమ్స్ అనే సైకాలజిస్టు చెప్పిందీ ఇక్కడే కలుస్తుంది. మనిషి తన జీతం ఒక్కటే చూసుకోడు. తను పెట్టిన శ్రమనీ తనకొచ్చినదాన్నీ పక్కసీటుతో బేరీజు వేస్తాడు, తేడా కనిపిస్తే శ్రమ తగ్గించి లెక్క సరిచేస్తాడు. పైవాళ్లు దానికి బద్ధకమని పేరు పెడతారు.

ఇష్టమైన పనికి డబ్బు ముడిపెడితే ఆ ఇష్టం తగ్గొచ్చని డెసీ అనే సైకాలజిస్టు 1971లో పజిళ్లతో చూపించాడు. నిజమే, కానీ ఎక్సెల్ షీట్లు నింపడం పజిల్ కాదు.

చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు. "మీకు ఏది ప్రేరణనిస్తుంది?" అన్నచోట "రేటింగ్ ఎలా వేశారో చెప్పండి" అని రాశా. రెండు నెలలైంది, జవాబు లేదు.